మోకాళ్ల కింద మాగిన తంబాకు

పెంటప్ప అని పేరు పెట్టుకున్న మనిషి సువాసన కోసం పాకులాడడమే తప్పు. ఆ మాట అతని భార్య బాలమణి పెళ్లయిన కొత్తలోనే చెప్పింది. పెంటప్ప వినలేదు. వినే అలవాటే ఉంటే ఈ కథ లేదు.

తొంభైల మొదట్లో మాట. షోలాపూర్‌లో అశోక్ చౌక్ వెనక, నేతగాళ్ల చాళ్లలో, వరస గదుల మధ్య వాళ్ల ఇల్లు. ఒక గది, ఒక వంట మూల, ముందు అరుగు. బాలమణి చాట ఒళ్లో పెట్టుకుని రోజంతా బీడీలు చుట్టేది. ఆమె తల్లి గంగమ్మ పక్కనే కాళ్లు చాపుకుని కూర్చుని తునికాకు కత్తిరించి ఇచ్చేది. పెంటప్ప పవర్‌లూమ్ షెడ్డులో తువ్వాళ్లు నేసేవాడు. అక్కడి తెలుగువాళ్లు మగ్గాన్ని మరాఠీ మాటతో మాగ్ అంటారు. తువ్వాళ్ల మాగ్ మీద పెంటప్పకు విసుగొచ్చింది. పొద్దున తెల్లదారం, మధ్యాహ్నం తెల్లదారం, కలలో కూడా తెల్లదారమే.

అదే షెడ్డులో చద్దర్లు నేసే జకార్డు మాగ్ ఒకటి ఖాళీ కాబోతోంది. దాని మీద నెమళ్లు నడుస్తాయి, పువ్వులు పూస్తాయి. అది ఎవరికివ్వాలో తేల్చేది జాబర్ నర్సప్ప. షెడ్డులో మాగ్‌లు మొరాయిస్తే సరిచేసేది ఆయనే, మనుషులు మొరాయిస్తే సరిచేసేదీ ఆయనే. ఆయనకు దేవుడంటే భక్తి, తంబాకంటే ప్రాణం. సున్నం కలిపి అరచేతిలో నలిపి మంచి తంబాకు ఇచ్చినవాడి ముఖం ఆయన మరిచిపోడు.

అందుకని పెంటప్ప ఒకరోజు తన ఇంటి తంబాకు ఆయనకు ఇచ్చాడు. పొగాకు పండే నిపాణి వైపు లారీ తోలే స్నేహితుడు తెచ్చిచ్చిన ఆకు అది. పెంటప్ప స్వయంగా ఆరబెట్టాడు. వానాకాలం కావడంతో ఆకు ఆరినన్ని రోజులు ఆరింది, తడిసినన్ని రోజులు తడిసింది.

నర్సప్ప చిటికెడు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత మాగ్‌ల కిందికి వంగి చూశాడు.

"లోపలికి కుక్కనెవడు రానిచ్చిండు? వానల తడిసొచ్చినట్టున్నది" అన్నాడు.

అంత రొదలో కూడా మనుషుల నవ్వు వినబడడం ఆ షెడ్డులో అదే మొదటిసారి. పెంటప్పకు చెవులు కాలాయి. చెవులు కాలినప్పుడు అతని నోరు అదుపులో ఉండదు. ఆకు ఇంకా మాగలేదని, అందుకే ఆ వాసన అని చెప్పాడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది.

"మాగ్ మీద బతికేటోనికి మాగబెట్టుడు రాదా మామా? రాఖీ పున్నమికి రథం చూసి మా ఇంటికి రాండ్రి. నా తంబాకు వాసనకు అశోక్ చౌక్ అంతా ఆగి చూడాలె."

నర్సప్ప వస్తానన్నాడు. పెంటప్పకు అప్పుడు గుర్తొచ్చింది, తనకు మాగబెట్టడం రాదని.

చౌక్‌లో పాన్‌పట్టీ నడిపే అంబాదాస్‌కు రానిది లేదు. కనీసం రాదని ఎవరితోనూ అనడు. పెంటప్ప వెళ్లి అడిగితే తమలపాకులు తుడుస్తూనే విద్యంతా చెప్పేశాడు. బెల్లం నీళ్లు చల్లాలి. లవంగాలు, ఇలాచీ దంచి వేయాలి. పైన ఖస్ అత్తరు నాలుగు చుక్కలు. తడిగుడ్డలో చుట్టి, బిగించి మూటకట్టి, వెచ్చని చోట పెట్టాలి.

"ఎంత వెచ్చగ?" అని అడిగాడు పెంటప్ప.

"కోడి గుడ్ల మీద కూసుంటది సూడు పెంట్యా, గంత. ఎక్కువైతే మాడుతది, తక్కువైతే బూజు పడతది. ఒక్కసారి మూట కట్టినవంటే పున్నమి దాక విప్పకు. విప్పితే వాసన ఎగిరిపోతది."

పెంటప్ప ఇంటికొచ్చి వెచ్చని చోటు కోసం వెతికాడు. పొయ్యి పక్కన పెడితే మాడుతుంది. నీళ్లు కాచే బంబు పక్కన పెడితే బాలమణి కంటపడుతుంది. మాగ్ మోటారు మీద పెడితే సేఠ్ కంటపడుతుంది. ఇంట్లో కోడి లేదు. ఆలోచిస్తూ గోడకు ఆనుకుంటే అతని చూపు అత్తగారి మీద ఆగింది.

గంగమ్మకు మోకాళ్ల నొప్పులు. పొద్దున కాళ్ల మీద గొంగడి కప్పుకుని కూర్చుంటే మళ్లీ పొద్దుగూకాకే లేచేది. ఏ కోడీ అంత నికరంగా పొదగదు. పైగా ఆమెకు వానాకాలమంతా జలుబు. మల్లెపువ్వుకూ కిరసనాయిలుకూ తేడా తెలియని ముక్కు. ఇక బాలమణి సంగతంటారా, పగలంతా తంబాకు చాటలో చేతులు పెట్టుకుని ఉండే మనిషికి ఇంకో తంబాకు మూట వాసన వేరుగా ఎలా తెలుస్తుంది? సముద్రంలో ఉప్పు దాచినట్టే కదా. పెంటప్పకు తన తెలివి మీద తనకే ముద్దొచ్చింది.

మరునాడు మూట తెచ్చి అత్త ముందు పెట్టాడు. అక్కల్‌కోట్ రోడ్డు మీద ఒక వైదు కూర్చుంటాడని, మోకాళ్ల నొప్పులకు అడవి ఆకు ఇస్తాడని, పున్నమి దాకా దీన్ని మోకాళ్ల కింద పెట్టుకోవాలని, విప్పితే గుణం పోతుందని చెప్పాడు. అల్లుడికి తన మోకాళ్లు గుర్తున్నందుకే గంగమ్మ కళ్లు చెమర్చాయి. మూటను మోకాళ్ల కిందికి జరుపుకుని గొంగడి కప్పుకుంది.

బాలమణి మాత్రం చాటలోంచి తలెత్తింది.

"ఏం ఆకది?"

"మోకాళ్ల ఆకు."

"మోకాళ్లకు ఆకుంటదా?"

"తలకాయకు నూనె లేదా? పండ్లకు పౌడర్ లేదా? గట్లనే మోకాళ్లకు ఆకు."

"మరి నీ అంగికి ఖస్ అత్తరు వాసనేంది? అది గూడ వైదు పూసిండా?"

వైదు పెద్ద శుచిగల మనిషని, ఎవరొచ్చినా అత్తరు చల్లి కూర్చోబెడతాడని పెంటప్ప అన్నాడు. బాలమణి మళ్లీ చాటలోకి తల వంచింది. ఆమె ఊరుకుంటే నమ్మిందని పెంటప్ప అనుకునేవాడు. ఇన్నేళ్ల సంసారంలో అతను నేర్చుకోని పాఠం అదొక్కటే.

సాయంత్రం లవంగాల డబ్బీ ఖాళీగా కనబడింది. బాలమణి అడిగితే, పన్ను నొప్పికి నమిలానని చెప్పాడు. అన్ని లవంగాలూనా అంటే, అన్ని పళ్లూ నొప్పి పెట్టాయన్నాడు. అది పొరపాటయింది. ఆ పూట నుంచి బాలమణి అతనికి జొన్నరొట్టె మానిపించి గంజి పోసింది. పన్ను నొప్పి ఉన్నవాడికి తంబాకు విషమని చెప్పి జేబులోంచి తంబాకు, సున్నం ఉండే చున్నాడబ్బీ కూడా తీసేసింది. తంబాకుకు సువాసన పట్టించబోయిన మనిషి, తంబాకు లేకుండా, గంజి తాగుతూ, బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని తిరగాల్సి వచ్చింది. బుగ్గ ఏ వైపుదో ఒక్కోసారి మరిచిపోయేవాడు.

అయినా గొంగడి కింద మూట మాగుతోంది కదా అని ఓర్చుకున్నాడు. ఇంతలో ఒక వింత జరిగింది. షెడ్డు నుంచి వచ్చేసరికి గంగమ్మ అరుగు మీద నిలబడి ఉంది. నొప్పి సగానికి సగం తగ్గిందట. వైదు చెయ్యి బంగారు చెయ్యట. పెంటప్ప అయోమయంగా ఆమె మోకాళ్ల వంక చూశాడు. తంబాకుకు మోకాళ్లు బాగవుతాయా? బాగయితే నిపాణిలో కుంటివాళ్లే ఉండకూడదు కదా? ఎవరినైనా అడుగుదామంటే, అడిగితే మూటలో ఏముందో చెప్పాలి. నవ్వి ఊరుకున్నాడు.

గంగమ్మ ఊరుకోలేదు. పక్కింటి యమునాబాయికి చెప్పింది. యమునాబాయికి చెప్పడమంటే చాళ్లంతటికీ చెప్పడమే.

ఆ తర్వాతి సాయంత్రం వచ్చి చూస్తే గొంగడి ఉంది, మోకాళ్లున్నాయి, మూట లేదు.

"మూటేది అత్తా?"

"యమునాబాయి నడుం పట్టిందన్నది బిడ్డా. ఈ పూటకు ఇచ్చిన. పుణ్యముంటది."

పెంటప్ప పక్కింటికి పరుగెత్తాడు. యమునాబాయి చాప మీద వెల్లకిలా పడుకుని ఉంది. మూట ఆమె నడుము కింద ఉంది. ఒక ఆడమనిషి నడుము కిందినుంచి మూట లాక్కోవడానికి ఏ మర్యాద ఒప్పుతుంది? గడప దగ్గరే నిలబడి దగ్గాడు. ఆమె సంతోషించి, బావగారిని పిలిచినట్టు రమ్మని, నడుము తట్టుకుంది.

"యా భావోజీ, యా. నా కంబర్‌ల పానమొచ్చినట్టున్నది. జర ఓవ నూనె గూడ రాసిన మూటకు. గుణం పెరగాలె గద."

ఓవ అంటే వాము. తన ఖస్ అత్తరు మీద వాము నూనె. పెంటప్పకు ఏడుపొచ్చింది. ఆమె దాన్ని నడుము నొప్పి అనుకుని, మరునాడు తప్పకుండా అతనికి కూడా ఇస్తానంది.

మరునాడు ఇవ్వలేదు. మూట బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో ఉన్న ఆమె చెల్లెలు పార్వతీబాయి దగ్గరికి వెళ్లిపోయింది. పున్నమి దగ్గర పడుతోంది. పెంటప్ప సైకిలెక్కాడు.

ఘర్కుల్‌లో ఒక ఇంటి వరండాలో ఆడవాళ్లు వరసగా కూర్చుని బీడీలు చుడుతున్నారు. చేతులు ఆడుతున్నాయి, నోళ్లు ఆడుతున్నాయి, మూట ఒకరి మెడ మీద నుంచి ఇంకొకరి మణికట్టు మీదికి నడుస్తోంది. ఫలానా మూట నాది, ఇప్పించండి అన్నాడు పెంటప్ప. అతనికి తోచిన తప్పుమాట అదే. మూట ఇతనిదంటే వైదు ఇతనే అనుకున్నారు. కూర్చోబెట్టి చాయ ఇచ్చారు. ఒకామె బొటనవేలు చూపించింది. బీడీ చుట్టే ఆ వేలు వంగితే లేవడం లేదట. కుడిచేతికి ముందు కట్టాలా, ఎడమచేతికి ముందు కట్టాలా అని ఇంకొకామె అడిగింది. కుడిచేతికని అతను అన్నాడు. అందరూ తలలూపారు. పార్వతీబాయి తన మొగుడి గురక సంగతి ఎత్తుకుంది. దానికి పెంటప్ప ఏం మందు చెప్పాడో అతనికే గుర్తు లేదు గాని, ఆమె మాత్రం చాలా శ్రద్ధగా విని, పెద్ద గిన్నె అయినా పరవాలేదా అని అడిగింది.

చివరికి మూటకు పున్నమి ముందు విశ్రాంతి కావాలని చెప్పి విడిపించుకున్నాడు. దారిలో సైకిల్ ఆపి వాసన చూశాడు. వాము, కర్పూరం, నీలగిరి తైలం, లోబాన్ పొగ, వెల్లుల్లి కూడా ఉన్నట్టుంది. ఇన్నింటి కింద తంబాకు ఎక్కడుందో తెలియలేదు. మళ్లీ చూశాడు. కళ్లు నీళ్లు పెట్టుకున్నాయి. విప్పి చూద్దామా అనుకుంటే అంబాదాస్ మాట అడ్డొచ్చింది. పైగా గంగమ్మ మందు కారిపోకూడదని మూట మూతి సూదితో కుట్టేసింది కూడా. సువాసన తక్కువైతే దిగులు పడాలి గాని ఎక్కువైతే దిగులెందుకని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

పున్నమి రోజు ఊళ్లో నేతగాళ్ల దేవుడి రథం కదిలింది. పద్మశాలీలందరూ కొత్త జంధ్యాలు వేసుకుని వీధుల్లో ఉన్నారు. నర్సప్ప మాట తప్పలేదు. తెల్ల ధోవతి, తెల్ల టోపీతో వచ్చి అరుగు మీద చతికిలబడ్డాడు. జనంలో నిలబడి నిలబడి కాళ్లు లాగుతున్నాయన్నాడు. బాలమణి నీళ్లిచ్చింది. గంగమ్మ దండం పెట్టింది. పెంటప్ప మూట తెచ్చి, దేవుడి ముందు పెట్టినట్టు పెట్టి, కుట్లు తెంపాడు.

అశోక్ చౌక్ ఆగిందో లేదో గాని, ఆ సందులో పోతున్నవాళ్లు మాత్రం ఆగారు. ఒకాయన ఎవరికైనా బాగాలేదా అని కూడా అడిగాడు.

ఆకు నల్లగా, జిడ్డుగా ఉంది. మాగితే అలాగే ఉంటుందనుకుని పెంటప్ప సున్నం కలిపి అరచేతిలో నలిపాడు. నర్సప్ప ఒకసారి వాసన చూసి వెనక్కి జరిగాడు. కాని మాట ఇచ్చిన మనిషి. చిటికెడు తీసి కింది పెదవి లోపల పెట్టుకున్నాడు.

మొదట ఆయన కనుబొమలు లేచాయి. తర్వాత టోపీ లేచింది. తర్వాత ఆయనే లేచి, కాళ్లు లాగుతున్న సంగతి మరిచిపోయి మోరీ దగ్గరికి పరుగెత్తాడు. ఏమీ అర్థంకాని పెంటప్ప తనూ చిటికెడు నోట్లో వేసుకున్నాడు. చేదు. మామూలు చేదు కాదు, ముత్తాతలు గుర్తొచ్చే చేదు. అతనూ మోరీ దగ్గరికి వెళ్లి జాబర్ పక్కన కూర్చున్నాడు.

"ఇది తంబాకు కాదు" అన్నాడు పెంటప్ప, ఆ సంగతి ఆయనకు తెలియదేమోనని.

అప్పుడే యమునాబాయి మూట కోసం వచ్చింది. విప్పి ఉన్న గుడ్డనూ, మోరీ దగ్గర ఇద్దరినీ చూసింది.

"అయ్యో దేవా, నిర్గుడి ఆకు తినిపించినవా భావోజీ? అది పైన కట్టుకునేది."

నిర్గుడి అంటే వావిలాకు. నొప్పులకు కాచి కట్టుకునే ఆకు. తన మూటలోకి వావిలాకు ఎలా వచ్చిందో పెంటప్పకు అంతుబట్టలేదు. నర్సప్ప మాత్రం తను మందు మింగానేమోనని గాబరాపడ్డాడు. గంగమ్మ తొందరపడలేదు. మింగితే పొట్ట బాగుపడుతుందని ధైర్యం చెప్పింది. బాలమణి మిగిలిన ఆకును మళ్లీ మూటకట్టి, పెనం మీద వెచ్చజేసి తెచ్చింది. జాబర్ మోకాలికి కట్టారు. కాసేపటికి ఆయన ముఖం విచ్చుకుంది. కాలు మడిచాడు, చాపాడు. మళ్లీ మడిచాడు. ఏళ్లుగా మాగ్‌ల మధ్య నిలబడి అరిగిన మోకాలు ఇంత హాయిగా ఎప్పుడూ లేదన్నాడు. మూటతోనే ఇంటికి వెళ్లాడు. పోతూ పోతూ పెంటప్ప వైపు ఒక చూపు చూశాడు. అది కోపమో జాలో తేల్చుకోలేక పెంటప్ప రెండింటికీ కలిపి దండం పెట్టాడు.

అందరూ వెళ్లాక అతను అత్త ముందు కూర్చున్నాడు.

"నా ఆకేమైంది అత్తా?"

గంగమ్మ గొంగడి సర్దుకుంది. మూట మోకాళ్ల కింద పెట్టుకున్న మొదటి పూటే, ఆ లవంగాల ఘాటుకు తన జలుబు విడిచిందట. ముక్కు తెరుచుకోగానే మొదట తగిలిన వాసన తంబాకుదేనట. మోకాళ్ల నొప్పి ఏమీ తగ్గలేదట గాని, తగ్గలేదంటే అల్లుడు మూట తీసుకుపోతాడని తగ్గిందని చెప్పిందట. యమునాబాయి అడిగినప్పుడు అంత కమ్మగా మాగిన తంబాకును నడుముకు కట్టుకోమని ఇవ్వడానికి చేతులు రాక, ఆకు తీసి, చాళ్ల వెనక పెరిగిన వావిలాకు కుక్కి, కుట్టి ఇచ్చిందట.

"తీసిన ఆకేం చేసినవ్?"

"యమునాబాయి పొయ్యి మీద మాడ్చి మిశ్రీ చేసుకున్న బిడ్డా. పండ్లకు రుద్దుకుంటే పానం లేసొస్తున్నది."

"అంతానా?"

"అంతా."

బాలమణి ఇటు తిరిగింది. మిశ్రీ రుద్దితే చిగుళ్లు పాడవుతాయని తల్లిని ఎప్పుడో మానిపించింది ఆమె. ఇప్పుడు తల్లిని తిట్టాలా, మొగుణ్ని తిట్టాలా అని ఒక క్షణం ఆలోచించింది. తల్లికి ముసలితనం అడ్డొచ్చింది. మొగుడికి ఏదీ అడ్డు రాలేదు.

"నా లవంగాలు. నా ఇలాచీ. నా తల్లి మోకాళ్లు. దాంట్ల నీదేమున్నది?"

"ఆకు."

"అది గూడ లేదిప్పుడు."

ఆ లెక్కలో తప్పేమీ కనబడక పెంటప్ప తల దించుకున్నాడు. పన్ను నొప్పి అబద్ధమని కూడా ఆమె ముందే గ్రహించిందట. మరి గంజి ఎందుకు పోశావంటే, నిజం చెప్పేదాకా పోద్దామనుకున్నానని చెప్పింది.

జకార్డు మాగ్ సంగతి ఇక మరిచిపోవాల్సిందేనని అతను నిశ్చయించుకున్నాడు. మరునాడు షెడ్డుకు గోడవారనే వెళ్లి, తువ్వాళ్ల మాగ్ వెనక నక్కాడు. నర్సప్ప కుంటకుండా నడుచుకుంటూ వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, నెమళ్ల మాగ్ ముందుకు తీసుకెళ్లి నిలబెట్టాడు. ఈ రోజు నుంచి ఇది నడుపు అన్నాడు. పెంటప్ప తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాడు.

మధ్యాహ్నం మాగ్‌లు ఆగినప్పుడు నర్సప్ప పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. జేబులోంచి చిన్న పొట్లం తీసి, సున్నం కలిపి, అరచేతిలో నిదానంగా నలిపి, చిటికెడు అతని చేతిలో పెట్టాడు. ఖస్, లవంగం, ఇలాచీ, అడుగున బెల్లం తీపి. తడి మట్టి మీద తొలి ఎండ పడ్డట్టుంది. పెంటప్ప నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఇంత మంచి తంబాకు తన జన్మలో తిని ఎరగడు.

"ఏడ దొరికింది మామా?"

"నిన్న నేను లేచొచ్చేటప్పుడు మీ అత్త చేతుల పెట్టింది. నీకు చెప్పొద్దన్నది. ముసలామె ఒక్కటే మాటడిగింది, మా అల్లుని నెమళ్ల మాగ్ ఎక్కించుండ్రి అని. గీసొంటి తంబాకు తిన్నంక కాదంటనా?"

పెంటప్పకు ఇది నా ఆకు, నా అత్తరు, నా ఉపాయం అని గొంతు దాకా వచ్చింది. చెబితే నిన్నటి చేదు ఎందుకొచ్చిందో చెప్పాలి. ఇది ఏ గొంగడి కింద, ఏ మోకాళ్ల కింద మాగిందో కూడా చెప్పాలి. మింగేశాడు.

నర్సప్ప మిగిలిన పొట్లాన్ని మరోసారి ముక్కు దగ్గర పెట్టుకుని, పెంటప్ప కొట్టిన గొప్పలు తలుచుకుని జాలిగా నవ్వాడు. ఇలాంటి వాసన పట్టించడం నీవల్ల కాదులే, ఆ గుట్టు ఏమిటో ఆ పెద్దామెనే అడిగి నేర్చుకో అన్నాడు.

"గుట్టేమున్నది మామా," అన్నాడు పెంటప్ప, నెమళ్ల వైపు చూస్తూ. "పెద్దోళ్ల కాళ్ల కాడ పడుంటే ఏదైనా బాగుపడతది."

ఎంత వినయమని నర్సప్ప మెచ్చుకున్నాడు.